ఈ పొయ్యికి కట్టెలెక్కడివి?

జనవరి నెల. ఆదివారం రాత్రి ఎనిమిదయింది. వనపర్తిలో మా చిన్నమ్మ తలకు మఫ్లర్ చుట్టుకుని, దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంది. ఎదురుగా ఫోనులో వాళ్లబ్బాయి. వనపర్తి రాజావారి బంగ్లాలో నడిచే పాలిటెక్నిక్‌లో చదివి, హైదరాబాద్ మీదుగా స్వీడన్ చేరినవాడు. స్టాక్‌హోమ్ శివారులో కాపురం. అక్కడింకా మధ్యాహ్నం మూడున్నరే, కానీ అప్పుడే పొద్దు గుంకుతోంది. కిటికీ బయట అంతా మంచు. లోపల మావాడు బనీను మీద తిరుగుతున్నాడు!

‘‘ఏంరా, చలి పెడ్తలేదా?’’ అంది చిన్నమ్మ.

‘‘బయట మైనస్ ఎనిమిదుందమ్మా. ఇంట్ల ఇరవై ఒకటి.’’

‘‘హీటరేసినవా? కరెంటు బిల్లు ఎంతొస్తదో ఏమో...’’

‘‘హీటర్ లేదమ్మా. గొట్టాలల్ల ఉడుకునీళ్లొస్తయ్. ఊరందరికీ ఒక్కతాన్నే కాగబెట్టి ఇంటింటికీ పంపుతరు. మనకు నల్లా వచ్చినట్టు.’’

చిన్నమ్మ కాసేపు ఆలోచించింది. నీళ్లు కాచడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. పెళ్లయి వచ్చిన నాటినుంచీ పొద్దున్నే పెరట్లో పొయ్యి ముట్టించే మనిషి.

‘‘ఊరందరి నీళ్లు ఒక్కతాన కాగబెట్టాల్నంటే ఎన్ని కట్టెలు కావాల్రా? యాడికెల్లి తెస్తరు?’’

మావాడు నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే మావాడుండే పేట పేరు ఫార్‌స్టా. ఒకప్పుడు ఆ పేటకు నీళ్లు కాచింది కట్టెలూ కాదు, బొగ్గూ కాదు. అణు రియాక్టరు!

1950ల చివర్లో స్టాక్‌హోమ్ విస్తరిస్తూ దక్షిణాన ఫార్‌స్టా అనే కొత్త పేట కట్టుకుంది. దానికి దగ్గర్లోనే ఓగెస్టా అనేచోట కొండరాతిని తొలిచి, ఆ గుహలో ఓ రియాక్టరు పెట్టారు. మొత్తం 65 మెగావాట్ల వేడి. అందులో కొద్దిపాటి కరెంటుకు, మిగిలిందంతా ఇళ్లకు. 1964 నుంచి 1974 వరకు పదేళ్లపాటు ఫార్‌స్టా జనం అణువులు కాచిన నీళ్లతోనే చలి కాచుకున్నారు. మరో విశేషం, అది భారజలంతో నడిచిన రియాక్టరు. మన మణుగూరులో తయారవుతుందే, అదే భారజలం.

పదేళ్లకే ఎందుకు మూశారంటే, చమురు చవకగా దొరికే రోజుల్లో అంత చిన్న రియాక్టరు గిట్టుబాటు కాలేదు. మరోటి కూడా చెప్పుకోవాలి. 1969లో అక్కడ నీళ్లు పొంగి కరెంటు వ్యవస్థ తడిసిపోయిన ప్రమాదం ఒకటి జరిగింది. ఆ సంగతి బయటి జనానికి తెలిసింది 1990లలోనే! పక్కనే కాపురముంటూ, ఆ నీళ్లతోనే వెచ్చగా పడుకున్న వాళ్లకు పాతికేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఫార్‌స్టాకు అణు వేడి రావడం లేదు. ఆ నగరంలో చెత్తను, అడవి కోతల్లో మిగిలిన చెక్కను కాల్చి నీళ్లు కాస్తున్నారు. మురుగునీటిలో మిగిలిన గోరువెచ్చదనాన్ని కూడా పంపులు పెట్టి పిండుకుంటున్నారు. చలిదేశం వాళ్లకు వేడి విలువ తెలుసు మరి.

ఆ విలువ తెలియని చోట ఏం జరుగుతుంది? అణు విద్యుత్ కేంద్రం అంటే మనకు కరెంటు గుర్తొస్తుంది. నిజానికి అది ముందు వేడి కేంద్రం, తర్వాతే కరెంటు కేంద్రం. యురేనియం అణువు పగిలితే వచ్చేది వేడే. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి, ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు తీస్తారు. మూడు వంతుల వేడి పుడితే కరెంటుగా మారేది ఒక వంతు. రెండు వంతులు సముద్రంలోకో, నదిలోకో, కూలింగ్ టవర్ మీదుగా గాలిలోకో పోతాయి. గుజరాత్‌లోని కాక్రాపార్‌లో 700 మెగావాట్ల రియాక్టర్లున్నాయి. ఆ 700 మెగావాట్ల కరెంటు కోసం ఒక్కోటి పుట్టించే వేడి 2,100 మెగావాట్లకు పైమాటే!

అయ్యో, ఆ పోయే వేడినే ఇళ్లకు పంపొచ్చుగా అనిపిస్తుంది. అక్కడే ఓ తిరకాసు. టర్బైనులో పూర్తిగా పిండేశాక మిగిలేది నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది. నలభై డిగ్రీలంటే... గద్వాలలో మే నెల మధ్యాహ్నం అంతకంటే వేడి! దానితో ఊరికి నీళ్లు కాయడం కుదరదు. అందుకే ఆవిరి టర్బైనులో సగం దారిలో ఉండగానే, ఇంకా కాక మీదున్నప్పుడే కొంత పక్కకు తీస్తారు. ఆ మేరకు కొంత కరెంటు తగ్గుతుంది. కానీ పోయిన ఒక యూనిట్ కరెంటుకు బదులుగా అనేక యూనిట్ల వేడి ఇళ్లకు చేరుతుంది.

‘మరి రేడియేషన్?’ అంటారేమో. కుక్కర్లో పప్పు గిన్నె పెడతాం కదా. అడుగున నీళ్లు వేరు, గిన్నెలో పప్పు వేరు. వేడి లోపలికి వెళ్తుంది, నీళ్లు మాత్రం కలవవు. ఇక్కడా అంతే. రియాక్టరు నీళ్లు ఒక గొట్టంలో తిరుగుతాయి. అవి రెండో గొట్టంలోని నీటిని కాస్తాయి. రెండోది మూడోదాన్ని. ఇలా చేతులు మారి మారి ఇంట్లోకి వచ్చేసరికి వేడి ఒక్కటే మిగులుతుంది. ఇంట్లో తిరిగే నీటికీ రియాక్టరు నీటికీ ఎక్కడా ముఖపరిచయం ఉండదు.

ఈ పని ఇప్పటికీ చేస్తున్నవాళ్లున్నారు. స్విట్జర్లాండులో బెజ్నావ్ కేంద్రం 1980ల నుంచి చుట్టుపక్కల ఊళ్లను వెచ్చబెడుతోంది. రష్యా ఉత్తరపు కొసన, ధ్రువసముద్రం ఒడ్డున పెవెక్ అనే ఊరుంది. 2020 నుంచి అక్కడి ఇళ్లకు వేడి పంపుతున్నది ఓడ మీద కట్టిన రియాక్టరు! ఫిన్లాండులో కరెంటు జోలికే పోకుండా, కేవలం నీళ్లు కాచడానికే 50 మెగావాట్ల చిన్న రియాక్టర్లను రూపొందిస్తున్నారు.

వీటన్నిటికంటే మనం గమనించాల్సింది చైనాను. షాన్‌డాంగ్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున హైయాంగ్ అనే పట్టణం. పక్కనే అణు విద్యుత్ కేంద్రం. 2021 నవంబరు నాటికి ఆ పట్టణం మొత్తానికి, అంటే సుమారు 2 లక్షల మందికి, అణు వేడే అందింది. అంతకుముందు బొగ్గు బాయిలర్లు చేసిన పని అది. ఏటా లక్ష టన్నుల బొగ్గు మిగులుతోందని కేంద్రం నడిపే సంస్థ లెక్క. 2023లో పక్క పట్టణం రుషాన్‌కూ 23 కిలోమీటర్ల గొట్టం వేసి వేడి పంపారు. అక్కడున్నవి వెస్టింగ్‌హౌస్ ఏపీ-1000 రకం రియాక్టర్లు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామని ఏళ్ల తరబడి ప్రతిపాదన దశలోనే నలుగుతున్న ఆరు రియాక్టర్లూ ఆ రకానివే. అవి వస్తే రావచ్చు. వాటి మిగులు వేడితో శ్రీకాకుళం వాళ్లు ఇళ్లు వెచ్చబెట్టుకుంటారా? ఆ ఉక్కపోతలోనా?

ఇరవై మూడు కిలోమీటర్లు. ఆ అంకె ఒక్కసారి మళ్లీ చూడండి. నా దృష్టిలో అసలు సంగతి అందులోనే ఉంది. కరెంటుకు దూరంతో పని లేదు. తీగలు లాగితే వందల కిలోమీటర్లు పోతుంది. వేడి అలా కాదు. దారిలో చల్లారుతుంది, పైగా నీటిని తోయాలి. ఫిన్లాండులో లోవీసా కేంద్రం నుంచి హెల్సింకీకి సుమారు 80 కిలోమీటర్ల గొట్టం వేద్దామన్న ఆలోచన వచ్చి, కాగితం మీదే ఆగిపోయింది. అంటే అణు వేడి కావాలనుకునేవాళ్లు రియాక్టరుకు ఇరుగుపొరుగుగా ఉండాలి. లాభమూ వాళ్లకే, భయమూ వాళ్లకే.

అందుకే కొన్నిచోట్ల జనం ఒప్పుకోలేదు కూడా. సోవియట్ కాలంలో గోర్కీ, వొరోనెజ్ నగరాల పక్కన కేవలం వేడి కోసమే పెద్ద అణు కేంద్రాలు కట్టడం మొదలుపెట్టారు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగింది. ‘మా ఊరి పక్కన వద్దు’ అని నగరవాసులు ఎదురు తిరిగారు. చాలావరకు కట్టేసిన వాటిని అలాగే వదిలేశారు. వెచ్చదనం కావాలా వద్దా అనేది ఆ వెచ్చదనం అందుకోబోయేవాళ్లే తేల్చుకున్నారు. తప్పో ఒప్పో, నిర్ణయం వాళ్లది.

మన దేశంలో అణు వేడితో ఇళ్లు వెచ్చబెట్టే ఏర్పాటు ఎక్కడా లేదు. అయితే వేడిని వేరే పనికి వాడుకున్న సందర్భాలున్నాయి. రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో అణు కేంద్రం పక్కనే భారజల కర్మాగారం పెట్టి, కేంద్రం నుంచే ఆవిరి ఇచ్చారు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కల్పాక్కం. అక్కడి మద్రాసు అణు విద్యుత్ కేంద్రం ఆవిరితో సముద్రపు నీటిని మరిగించి, మంచినీళ్లుగా మార్చే ప్లాంటు కట్టారు. రోజుకు 63 లక్షల లీటర్ల సామర్థ్యం. అందులో 45 లక్షలు ఆవిరి వేడితో, మిగతా 18 లక్షలు మన వీధుల్లో వాటర్ ప్లాంట్లు చేసినట్టే ఆర్‌వో పద్ధతిలో. స్వీడన్‌లో వెచ్చదనమైన వేడి తమిళనాడు తీరంలో తాగునీరైంది. ఎవరి కరువు వాళ్లది!

మరి మన కరువేమిటి? పాలమూరు నుంచి విడిపోయి 2016లో జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు వేడి దేనికి కావాలి? మొన్నామధ్య ఈ మూడు చోట్లా తిరిగినప్పుడు అదే లెక్క వేసుకుంటూ పోయాను. వనపర్తి చుట్టూ రైస్ మిల్లులున్నాయి. ఉప్పుడు బియ్యం చేయాలంటే వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టాలి. బాయిలరు కావాలి. బాయిలరుకు కావలసింది ఊక, అది ఆ మిల్లులోనే పుడుతుంది. ఎవరూ పేరు పెట్టలేదు గానీ, ‘ఎక్కడ పుట్టిన వేడి అక్కడే వాడుకోవడం’ అనే పాఠం మన మిల్లువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గద్వాలలో పట్టు చిలపలకు రంగు అద్దేవాళ్లకు మరిగే నీళ్లు కావాలి. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపే ఆ చీరకు రంగు నిలవాలంటే పొయ్యి దగ్గర మనిషి చెమటలు కక్కాల్సిందే. అయితే దానికి గంపెడు కట్టెలు, ఓ గ్యాసు బండ చాలు. దానికోసం రియాక్టరు పెట్టమంటే నవ్విపోతారు.

ఇక మిగిలింది చల్లదనం. వేడితో చల్లదనం ఎలా అంటారా? పాతతరం వాళ్లకు కిరోసిన్ ఫ్రిజ్ గుర్తుండే ఉంటుంది. కింద దీపం వెలుగుతుంటే పైన ఐసు గడ్డకట్టేది. ఆ సూత్రంతోనే ఆవిరి ఇచ్చి పెద్ద భవనాలను చల్లబరిచే యంత్రాలున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో గొట్టంలో చల్లని నీళ్లు వచ్చి ఇల్లు చల్లబడుతుందంటే గద్వాల మొత్తం లేచి నిలబడి దండం పెడుతుంది! కానీ అందుకు రియాక్టరు పాతిక కిలోమీటర్లలోపే ఉండాలి. అలాంటిది ఈ జిల్లాల్లో లేదు. ‘పెడతాం, మరి మీరు ఒప్పుకుంటారా?’ అని అడిగితే ఎంతమంది చేతులెత్తుతారో నాకు సందేహమే.

సరే, రియాక్టరు మన దగ్గర లేదు, చలీ అంతంతమాత్రం. ఇక ఈ గొడవతో మనకేం సంబంధం? ఉంది. అందుకే చిన్నమ్మ ప్రశ్నకు నవ్వలేకపోయాను. కట్టెలెక్కడివి?

వనపర్తి నుంచి తూర్పుగా నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి ఘాటు మొదలయ్యే చోట మన్ననూరు వస్తుంది. అక్కడి నుంచి నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం. లోపలి పెంటల్లో చెంచులు. తేనె, జిగురు, గడ్డలు ఏరుకుని బతికేవాళ్లు. ఆ నేల కింద యురేనియం ఉందని అణు ఖనిజ విభాగం అంచనా. 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు అనుమతి కోరింది. 2016 డిసెంబరులో రాష్ట్ర వన్యప్రాణి మండలి సరేనంది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 4,000 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. ‘తవ్వకం కాదు, వెతకడమే’ అన్నారు అధికారులు. అడవిలో నాలుగు వేల బోర్లంటే రిగ్గులు, వాటికి దారులు, నీళ్లు, మనుషులు. వెతికి దొరికాక ఊరుకుంటారా అన్నది అమ్రాబాద్ జనం ప్రశ్న. ఆ ఏడు బంద్‌లు జరిగాయి, జనం రోడ్డెక్కారు, సినిమా తారలూ గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఓ చిన్న లెక్క చూద్దాం. మన భారజల రియాక్టర్లలో ఒక కిలో యురేనియం వేస్తే సుమారు 50 వేల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక మామూలు ఇంటికి ఎన్నో ఏళ్లు సరిపోయే కరెంటు. అదే కిలో నుంచి లక్షకు పైగా యూనిట్ల వేడి నీళ్లపాలవుతుంది. ఇక ఆ కిలో ఎక్కడిది? కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే రాయిలో యురేనియం పాళ్లు చాలా తక్కువ. టన్ను రాయికి అర కిలో కూడా రాదు. అంటే ఒక్క కిలో కోసం రెండు టన్నులకు పైగా రాయి తవ్వి, పిండి చేసి, రసాయనాల్లో నానబెట్టాలి. యురేనియం హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి పోతుంది. పిండి, బురద అక్కడే చెరువులా నిలుస్తాయి. ఆ చెరువు వల్ల తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. కారణం తాము కాదని సంస్థ వాదించింది.

అటువైపు వాదన కూడా వినాలి. కరెంటు మనకూ కావాలి. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు నార్లాపూర్‌లో 2023లో నడిపి చూపిన పంపు ఒక్కటే 145 మెగావాట్లు తాగుతుంది. ఎగువన గద్వాల పక్కన జూరాల డ్యాములో ఆరు టర్బైన్లూ కలిపి తిరిగినా 234 మెగావాట్లే. అలాంటి రెండు పంపులకు కూడా చాలదు! ‘పొలాలకు నీళ్లు కావాలి గానీ యురేనియం వద్దంటే ఎలా?’ అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఎగ్గొట్టకూడదు. 2008 తర్వాత కజకిస్థాన్, రష్యా, కెనడాల నుంచి యురేనియం కొనుక్కునే వీలు కలిగింది. అలా కొన్నా, అక్కడా ఎవరిదో ఓ నేల ఉంటుంది. ఆ సంగతీ మరిచిపోకూడదు.

నాకు కొరుకుడు పడనిది వేరే ఉంది. ఫార్‌స్టా, హైయాంగ్, వొరోనెజ్... అన్నిచోట్లా రియాక్టరు పక్కనున్నవాడికి ఏదో ఒకటి దక్కింది. వేడి దక్కింది, లేదా వద్దనే అవకాశం దక్కింది. వేడి దూరం పోలేదు కాబట్టి లాభనష్టాలు ఒకే వీధిలో ఉన్నాయి. రాయి అలా కాదు. రాయి ఎంత దూరమైనా పోతుంది. అప్పాపూర్ పెంటలో చెంచు ఇంటి కింద పుట్టి, ఎక్కడో సముద్రం ఒడ్డున మండి, అక్కడి వేడి అక్కడే చల్లారుతుంది. ఆ చెంచుకు గొట్టంలో ఏదీ తిరిగి రాదు. ఇల్లు వెచ్చబెట్టే గొట్టానికి కిలోమీటర్లు లెక్కపెట్టే ఇంజినీర్లు, గని దగ్గరి మనిషికీ ఆ ఇంటికీ మధ్య దూరాన్ని ఏ కొలతతో కొలుస్తారో!

ఇవన్నీ చదువుకుని తర్వాతి ఆదివారం చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. మళ్లీ ఫోను, మళ్లీ బనీను.

‘‘చిన్నమ్మా, ఆ రోజు కట్టెలెక్కడివని అడిగినవు కదా. ఒకప్పుడు వీడుండే తాన ఒక తీరు రాయితో కాగబెట్టిండ్రు. గసుంటి రాయి మన మన్ననూరు అడవిల గూడ ఉందంట’’ అన్నాను.

‘‘మన్ననూరు కాడనా? సలేశ్వరం జాతరకు పోతమే, గా అడవిలనా?’’ అంది ఆశ్చర్యంగా. ‘‘మరి గీడ తవ్వుతే నీళ్లు యాడ కాగుతయ్?’’

‘‘యాడనో కాగుతయ్. గీడికి రావు.’’

‘‘రాకపాయె. మరి చెంచోళ్లనడిగిండ్రా?’’

ఆ ప్రశ్నకు ఫోనులో ఉన్నవాడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. పెరట్లో గిన్నె మీద మూత దడదడలాడుతున్న చప్పుడు వినిపించింది. ‘‘సరె తియ్, నీళ్లు మసులుతున్నయ్, నేను పోత’’ అని ఫోను నా చేతిలో పెట్టి చిన్నమ్మ లేచింది.